బీజదోషం – పురుష వంధ్యత్వం: జన్యుకారణాల పరిశీలన (ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:

దంపతులకు సంతానం కలగనప్పుడు కారణాన్ని స్త్రీలోనే వెదకడం మన సమాజంలో స్థిరపడిన అలవాటు. తెలుగు పదజాలం కూడా ఆ అలవాటుకు అనుకూలంగానే ఉంది. శుక్రకణాల సంఖ్య, ఆకారం, చలనం దెబ్బతినడానికి గల జన్యుకారణాలను తెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.) పరిశోధనలు, మేనరికపు వివాహాల ప్రభావం, చికిత్సకు ముందు చేయించవలసిన పరీక్షలు నెల్లూరు జిల్లా పశ్చిమ మండలాల నేపథ్యంలో ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: శుక్రకణం, వంధ్యత్వం, వై క్రోమోజోము, మేనరికం, జన్యులోపం, ఉదయగిరి, ఆత్మకూరు.

1. ఉపోద్ఘాతం:

నెల్లూరు జిల్లా పశ్చిమభాగంలో ఉదయగిరి కొండ చుట్టూ, ఆత్మకూరు పరిసరాలలో మెట్టసేద్యం ఎక్కువ. అక్కడి రైతు వేసిన గింజ మొలవకపోతే విత్తనాన్నీ అనుమానిస్తాడు, నేలనూ అనుమానిస్తాడు. అనుభవజ్ఞుడైతే విత్తడానికి ముందే గుప్పెడు గింజలను తడిగుడ్డలో మూటకట్టి మొలకశాతం చూసుకుంటాడు. తాలుగింజ పైకి మంచిగింజలాగానే కనిపించవచ్చునని అతనికి తెలుసు. అదే ఇంట్లో కోడలికి రెండు మూడేళ్లు గడిచినా కడుపు పండకపోతే ఈ వివేకం అక్కరకు రాదు. ఆమెను ముందు ఆత్మకూరు ఆసుపత్రికి, తరువాత నెల్లూరుకు తీసుకువెళ్తారు. స్కానింగులు, రక్తపరీక్షలు, నెలల తరబడి మాత్రలు సాగుతాయి. మధ్యలో మొక్కుబడులు ఉంటాయి. ఆత్మకూరుకు చేరువలోని అనుమసముద్రంపేట దర్గాకు మతభేదం లేకుండా జనం వెళ్తారు. మొహర్రం మాసంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువునీటిలో నిలబడి ‘సంతాన రొట్టె’ అందుకునేవారిలో ఈ మండలాల స్త్రీలూ ఉంటారు. విశ్వాసం వారి వారి స్వంత విషయం, దానిని తూచడం ఈ వ్యాసం పని కాదు. ఇన్ని ప్రయాణాలలో భర్త వీర్యపరీక్ష ఎన్నో మజిలీలో వస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న. చాలా కుటుంబాలలో అది చివరి మజిలీ. కొన్ని కుటుంబాలలో అది రాకముందే రెండో పెళ్లి మాట వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం పెద్దవారిలో 17.5 శాతం మంది, అంటే దాదాపు ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. సంతానలేమి కేసులలో ఇంచుమించు సగం వాటిలో పురుషుని వైపు కారణం ఒంటరిగానో, స్త్రీ వైపు కారణంతో కలిసో ఉంటుందని వైద్యులు అంగీకరిస్తారు. పురుషునికి చేయవలసిన మొదటి పరీక్ష అతి తేలికైనది, చవకైనది. స్త్రీకి చేసే పరీక్షలలో నొప్పి కలిగించేవీ, మత్తుమందు అవసరమయ్యేవీ ఉన్నాయి. అయినా తేలికైన దానిని చివరికి నెట్టివేసే ఆనవాయితీ కొనసాగుతూనే ఉంది.

2. పదజాలంలోని పక్షపాతం:

తెలుగు వాడుకలో ‘గొడ్రాలు’ ఉంది. దానికి జంటగా అంతే సహజంగా పలికే పురుషవాచకం వినిపించదు. సంస్కృతం నుంచి వచ్చిన ‘వంధ్య’ కూడా స్త్రీనే సూచిస్తుంది. పురుషుని విషయంలో జనం వాడే ‘నపుంసకుడు’ అనే మాట పూర్తిగా వేరే స్థితిని తెలుపుతుంది. దాంపత్య జీవితానికి ఏ ఆటంకమూ లేని పురుషునిలో శుక్రకణాలు ఒక్కటి కూడా లేకపోవచ్చు. ఈ రెండు స్థితులకూ వేరువేరు మాటలు వాడుకలో లేకపోవడం వల్ల ఒకదాని పేరు ఎత్తితే రెండోది అన్నట్లు వినబడుతుంది.

‘వీర్యం’ అనే పదం ఈ చిక్కును మరింత బిగించింది. నిఘంటువులో దానికి పరాక్రమమనీ, శుక్రమనీ రెండర్థాలు. ప్రయోగశాల ఇచ్చే కాగితం మీద ‘వీర్యంలో కణాలు లేవు’ అన్న వాక్యాన్ని చదివే మనిషి మొదటి అర్థాన్ని కూడా పోగొట్టుకున్నట్లు బాధపడతాడు. పరీక్షకు వెనుకాడే మగవారిని మొండివారని కొట్టిపారేయడం సులభమే కాని, భాష వారి భయానికి ఎంత దోహదం చేస్తున్నదో కూడా చూడాలి.

మన ప్రాచీనులు ఈ విషయంలో మనకన్నా స్పష్టంగా ఆలోచించారు. చరకసంహిత చికిత్సాస్థానం శుక్రదోషాలను ఎనిమిదిగా లెక్కించింది. ఫేనిలం, తను, రూక్షం, వివర్ణం వంటి పేర్లు నురుగు, పలచదనం, రంగు మొదలైన కంటికి కనిపించే లక్షణాలను బట్టి పెట్టినవి. శారీరస్థానం ఇంకా లోతుకు వెళ్లి బీజం, బీజభాగం, బీజభాగావయవం అనే విభజన చేసింది. పురుషబీజంలోని ఒక భాగం చెడితే పుట్టే సంతానానికి వంధ్యత్వం రావచ్చునని అక్కడ చెప్పబడింది. దీనిని చూపించి ఆధునిక జన్యుశాస్త్రమంతా అక్కడే ఉందనడం అతిశయోక్తి. సూక్ష్మదర్శిని లేని కాలంలో లోపం పురుషబీజంలో కూడా ఉండవచ్చునని, అది తరువాతి తరానికి సంక్రమించవచ్చునని ఊహించడం మాత్రం గమనింపదగినది. ఇతిహాసాలలోనూ సూచనలకు కొదవలేదు. నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో విచిత్రవీర్యుడు ఇద్దరు భార్యలుండీ సంతానం లేకుండానే మరణించాడు. రామాయణంలో ముగ్గురు రాణులకూ పిల్లలు లేనప్పుడు యజ్ఞదీక్ష వహించినవాడు దశరథుడే. ముగ్గురు భార్యలున్న ఇంట ముగ్గురూ గొడ్రాళ్లయ్యే అవకాశం ఎంతో నేటి వైద్యవిద్యార్థి కూడా లెక్కకట్టగలడు.

ధర్మశాస్త్రాలు స్త్రీని క్షేత్రంగా, పురుషుని బీజానికి యజమానిగా చెప్పిన పోలిక మాత్రం జన్యుశాస్త్రం ముందు నిలువదు. స్త్రీ నేల కాదు. సంయుక్తబీజంలోని 46 క్రోమోజోములలో 23 అండం నుంచి, 23 శుక్రకణం నుంచి వస్తాయి. విత్తనంలో సగం ఆమెది.

3. శుక్రకణం – నిర్మాణం, కొలతలు:

శుక్రకణాన్ని మొదట సూక్ష్మదర్శిని కింద చూసి లోకానికి తెలియజేసినవాడు డచ్చి దేశస్థుడు లీవెన్‌హాక్ (1677). శుక్రకణానికి తల, మధ్యభాగం, తోక అనే మూడు భాగాలుంటాయి. తలలో బిగించి చుట్టిన డి.ఎన్.ఎ., దానిమీద టోపీలాగా ఏక్రోజోము ఉంటాయి. అండం చుట్టూ ఉన్న పొరను కరిగించే రసాయనాలు ఈ టోపీలో ఉంటాయి. మధ్యభాగంలో శక్తినిచ్చే మైటోకాండ్రియా, తోకలో మధ్య రెండు, చుట్టూ తొమ్మిది జతలుగా అమరిన సూక్ష్మనాళికలు ఉంటాయి. ఈ అమరికలో ఒక్క ప్రోటీన్ లోపించినా తోక కొట్టుకోదు.

వృషణంలో మూలకణం నుంచి శుక్రకణం తయారుకావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అందులో అతి సున్నితమైన ఘట్టం క్షయకరణ విభజన. 46 క్రోమోజోములు 23గా తగ్గేది అప్పుడే. తరువాత గుండ్రటి కణం తన ఒంట్లోని ద్రవాన్ని వదిలించుకుని, తల కుదించుకుని, తోక పెంచుకుంటుంది. ఈ మొత్తం పనిలో రెండు వేలకు పైగా జన్యువులు పాల్గొంటాయని అంచనా. కాబట్టి పురుష వంధ్యత్వానికి ఒకే ‘జన్యువు’ అంటూ లేదు. వేలాది తలుపులున్న ఇంట్లో ఏ తలుపు బిగుసుకుందో వెదకడం వంటిది ఈ అన్వేషణ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన ఆరవ కూర్పు కరదీపిక కొన్ని కనీస పరిమితులను సూచించింది. వీర్యం పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం మీద 3.9 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, సరైన ఆకారం గలవి 4 శాతం. ఈ చివరి అంకె ఎందరినో అకారణంగా భయపెడుతుంది. ‘100లో 94 వికృతమైనవి’ అని కాగితం మీద చూసి కుంగిపోయేవారు గమనించవలసింది ఏమంటే, 6 శాతం మంచి ఆకారం కలిగి ఉండడం ఆ పరిమితికి లోబడినదే. మానవ శుక్రకణాలలో అత్యధికభాగం ఏదో ఒక వంకతో పుట్టడం సహజం. జన్యుకారణాన్ని అనుమానించవలసినది దాదాపు అన్ని కణాలూ ఒకే రకమైన వంకతో ఉన్నప్పుడు, లేదా కణాలు అసలు లేనప్పుడు, లేదా అతి తక్కువగా ఉన్నప్పుడు.

మరొక మాట. వీర్యద్రవంలో అధికభాగం శుక్రాశయాలు, ప్రోస్టేటు గ్రంథి స్రవించేది. శుక్రకణాల వాటా అతి స్వల్పం. కణాలు ఒక్కటీ లేకపోయినా ద్రవం మామూలుగానే ఉంటుంది. తాలుగింజ పోలిక ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ‘నాకేం లోపం లేదు’ అని పురుషుడు తన అనుభవాన్ని బట్టి చెప్పే మాటకు ప్రమాణం లేదు.

4. ఆకారం చెడినప్పుడు:

వికృత శుక్రకణాల అధ్యయనం గత రెండు దశాబ్దాలలో బాగా ముందుకు సాగింది. ఒకే వంక అన్ని కణాలలో కనిపించే స్థితులు అరుదైనవే అయినా, ఒక జన్యువు ఒక ఆకారాన్ని ఎలా శాసిస్తుందో చూపడానికి అవే మంచి ఉదాహరణలు.

మొదటిది గుండ్రటి తల. ఏక్రోజోము ఏర్పడకపోవడం వల్ల తల కోడిగుడ్డు ఆకారం కోల్పోయి గోళీలా మారుతుంది. ఇటువంటి కణం అండపు పొరను ఛేదించలేదు. దీనికి ముఖ్యకారణం డి.పి.వై.19.ఎల్.2 అనే జన్యువు పూర్తిగా లోపించడమని 2011లో తేలింది. అటువంటి కణాన్ని సూదితో అండంలోకి పంపినా ఫలదీకరణ జరగకపోవచ్చు. అండాన్ని మేల్కొలిపే కాల్షియం తరంగాలను ఆరంభించవలసిన ప్రోటీన్ కూడా దానిలో కొరవడుతుంది. ఇలాంటప్పుడు అండాన్ని రసాయనంతో ప్రేరేపించే పద్ధతిని వైద్యులు ఆశ్రయిస్తారు.

రెండోది పెద్ద తల. తల బాగా ఉబ్బి, కొన్నింటికి రెండు మూడు తోకలు కూడా ఉంటాయి. ఎ.యు.ఆర్.కె.సి. అనే జన్యువులో లోపం వల్ల క్షయకరణ విభజన పూర్తికాదు. కణం విడిపోవలసినచోట విడిపోక క్రోమోజోములను రెట్టింపుగా, ఒక్కొక్కసారి నాలుగింతలుగా మోస్తుంది. 2007లో గుర్తించిన ఈ లోపం ఉత్తర ఆఫ్రికా ప్రజలలో ఎక్కువ. పరీక్షలో ఇది నిర్ధారణ అయితే ఆ కణాలతో కృత్రిమ ఫలదీకరణకు పోవద్దని వైద్యులు స్పష్టంగా చెప్తారు. ఆ పిండం నిలవదు.

మూడోది తోక లోపాలు. తోక పొట్టిగా, వంకరగా, చుట్టచుట్టుకుని, లేదా అసలు లేకుండా ఉండే ఈ స్థితికి డి.ఎన్.ఎ.హెచ్.1 మొదలైన ఎన్నో జన్యువులు కారణం. నాలుగోది తల ఊడిన కణాలు. ఎస్.యు.ఎన్.5 అనే జన్యువు తలనూ తోకనూ అతికించి ఉంచే పని చేస్తుంది. అది లోపిస్తే తోకలు మాత్రమే ఈదుతూ కనిపిస్తాయి. ఈ రెండు స్థితులలోనూ లోపలి డి.ఎన్.ఎ. సాధారణంగా బాగుండడం వల్ల సూదిపద్ధతి (ఇక్సీ) తరచుగా ఫలిస్తుంది. చూడడానికి అన్నీ ‘వికృత’ కణాలే అయినా ఒకచోట చికిత్స ఫలిస్తుంది, మరొకచోట డబ్బు దండగ. ఆ తేడాను చెప్పగలిగేది జన్యుపరీక్ష.

తోక నిర్మాణానికీ ఊపిరితిత్తులలోని సూక్ష్మకేశాలకూ పోలిక ఉంది. అందువల్ల చిన్ననాటి నుంచి విడవని దగ్గు, సైనసు బాధ ఉన్న పురుషునిలో, ముఖ్యంగా గుండె కుడివైపున ఉన్నవానిలో, కదలని శుక్రకణాలు కనిపించవచ్చు. ఈ రెండు బాధలనూ కలిపి చూసే వైద్యుడు దొరకడం అదృష్టమే. మెట్టప్రాంతాలలో దగ్గుకు ఒక ఆసుపత్రి, సంతానానికి వేరొక ఆసుపత్రి తిరగడమే మామూలు.

5. క్రోమోజోముల లెక్క తప్పినప్పుడు:

1942లో అమెరికా వైద్యుడు హ్యారీ క్లైన్‌ఫెల్టర్ ఒక లక్షణసముదాయాన్ని వర్ణించాడు. చిన్న వృషణాలు, కొందరిలో పొడుగాటి కాళ్లు, స్తనాల పెరుగుదల, సంతానలేమి దాని లక్షణాలు. దీనికి కారణం ఒక అదనపు ఎక్స్ క్రోమోజోమని 1959లో పాట్రిషియా జాకబ్స్, జాన్ స్ట్రాంగ్ కనుగొన్నారు. సుమారు 600 మంది మగశిశువులలో ఒకరు ఈ 47 ఎక్స్‌ఎక్స్‌వై క్రోమోజోములతో పుడతారు. చాలామందికి ఆ సంగతి జీవితాంతం తెలియదు. తెలిసేది పెళ్లయ్యాక, పిల్లలు లేక, వీర్యపరీక్షలో కణాలు కనిపించనప్పుడు. ఇటువంటివారిలో కూడా సూక్ష్మదర్శిని సాయంతో వృషణాన్ని శోధిస్తే దాదాపు సగం మందిలో అక్కడక్కడ కొన్ని కణాలు దొరకవచ్చు. క్లైన్‌ఫెల్టర్ పురుషులకు ఎముకల బలహీనత, మధుమేహం వచ్చే అవకాశం అధికం కాబట్టి ఈ నిర్ధారణ సంతానంతో నిమిత్తం లేకుండా కూడా ఉపయోగపడుతుంది.

మరొక స్థితిలో క్రోమోజోముల సంఖ్య సరిగానే ఉన్నా ఒకదాని ముక్క మరొకదానికి అతుక్కుని ఉంటుంది. ఆ మనిషికి ఏ బాధా ఉండదు. అతని శుక్రకణాలు ఏర్పడేటప్పుడు మాత్రం పంపకం తప్పుతుంది. దాని ఫలితం గర్భస్రావం రూపంలో భార్య ఒంట్లో కనిపిస్తుంది. వరుసగా రెండు మూడు గర్భాలు పోయిన ఇల్లాలిని ‘కడుపు నిలవని మనిషి’ అంటారు. ఆ మాట అనేముందు ఇద్దరి క్రోమోజోములనూ పరీక్షించడం న్యాయం.

6. వై క్రోమోజోములో ఖాళీలు – హైదరాబాదు పరిశోధనలు:

1976లో ఇటలీ శాస్త్రవేత్తలు టీపోలో, జుఫార్డి శుక్రకణాలు లేని కొందరు పురుషులలో వై క్రోమోజోము పొడవు భుజం కొన తెగిపోయి ఉండడాన్ని గమనించి, అక్కడ శుక్రోత్పత్తికి అవసరమైన కారకం ఉండి తీరాలన్నారు. దానికి ఎ.జెడ్.ఎఫ్. అని పేరు. 1996లో దానిని ఎ, బి, సి అనే మూడు భాగాలుగా గుర్తించారు. సాధారణ సూక్ష్మదర్శినికి అందని చిన్నముక్కలు అక్కడ ఊడిపోతాయి. వై క్రోమోజోము నిర్మాణమే దీనికి కారణం. మిగిలిన క్రోమోజోములకు జత ఉంటుంది. వైకి అటువంటి జత లేకపోవడం వల్ల అది తనలో తానే అద్దంలో ప్రతిబింబంలా ఒకే వరుసను ముందుకూ వెనక్కూ రాసుకుని ఉంచుకుంది. తెలుగు పాఠకునికి ‘వికటకవి’ వంటి మాట గుర్తుచేస్తే చాలు, ఎటు చదివినా ఒకటే. లోపలి తప్పులను దిద్దుకోవడానికి ఈ ఏర్పాటు ఉపకరిస్తుంది. అయితే ఒకేలా ఉన్న రెండు వరుసలు పొరపాటున ఒకదానితో ఒకటి కలిస్తే మధ్యభాగం ఊడిపోతుంది.

ఈ విషయంలో మన తెలుగునేలపై జరిగిన పని విలువైనది. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్, కె. తంగరాజ్ బృందం భారతీయ పురుషుల వంధ్యత్వాన్ని ఏళ్ల తరబడి పరిశోధించింది. 2003లో ప్రచురించిన పరిశీలనలో శుక్రకణాలు లేని 340 మంది పురుషులలో 29 మందికి, అంటే 8.5 శాతానికి, వై క్రోమోజోములో ఇటువంటి ఖాళీలు కనిపించాయి. ఎక్కువ భాగం సి ప్రాంతంలోనివి. అంతకుముందు ఏడాది అదే బృందం మరొక ప్రశ్నను పరిశీలించింది. పురుష హార్మోనును అందుకునే గ్రాహకపు జన్యువులో ‘సి.ఎ.జి.’ అనే మూడక్షరాల పునరుక్తి ఎక్కువైతే వంధ్యత్వం వస్తుందని కొన్ని దేశాల పరిశీలనలు చెప్పాయి. భారతీయులలో ఆ సంబంధం కనిపించలేదని వీరు తేల్చారు. నా దృష్టిలో మొదటి ఫలితం కన్నా ఈ రెండోది ముఖ్యం. పరాయి జనసమూహాలపై చేసిన తీర్మానాలను ఇక్కడి దంపతులకు ఉన్నదున్నట్లు అన్వయించరాదని అది చూపింది. 2022లో ఇదే కేంద్రం ఇతర సంస్థలతో కలిసి భారతీయ పురుషులలో వంధ్యత్వంతో ముడిపడిన ఎనిమిది కొత్త జన్యువులను గుర్తించినట్లు ప్రకటించింది. తరువాత ఎక్స్ క్రోమోజోము మీది టి.ఇ.ఎక్స్.13బి అనే జన్యువు పాత్రను కూడా వెల్లడించింది.

ఎక్స్ క్రోమోజోము ప్రస్తావన మన కుటుంబాలకు ఆశ్చర్యం కలిగించవచ్చు. కొడుకుకు ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. తల్లిలో రెండు ఎక్స్‌లు ఉండడం వల్ల లోపం బయటపడదు, ఆమె తల్లి కాగలదు. లోపం కనిపించేది ఆమె అన్నదమ్ములలో, కొడుకులలో. ‘మేనమామ పోలిక’ అనే మన వాడుకమాట ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. సంతానం లేని మేనమామ ఉన్నాడా అని వైద్యుడు అడిగితే అది కాలక్షేపపు ప్రశ్న కాదు.

7. మేనరికం చేసేదీ, చేయనిదీ:

ఆంధ్రదేశంలో మేనమామను, మేనత్త కొడుకును చేసుకునే ఆచారం పాతది. ఆస్తి చెదరకుండా, ఆడపిల్ల తెలిసిన ఇంట్లో ఉండేటట్లు చూసుకునే ఉద్దేశం దాని వెనుక ఉంది. మేనమామ–మేనకోడలు పెళ్లిలో పుట్టిన బిడ్డకు ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి వచ్చే సంభావ్యత 8లో 1. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య పెళ్లి అయితే 16లో 1. ఒక ప్రతి చెడినా రెండోది ఆదుకునే అంతర్గత లోపాలు ఇలాంటి పెళ్లిళ్లలో రెండు ప్రతులూ కలిసి బయటపడతాయి. గుండ్రటి తల, పెద్ద తల, తోక లోపాలు చాలావరకు ఈ తరగతికి చెందినవే. ప్రపంచంలో ఈ జన్యువులలో అనేకం బయటపడింది కూడా రక్తసంబంధ వివాహాలు అధికంగా ఉన్న సమాజాలలోనే. గమనించవలసిన సంగతి ఒకటుంది. మేనరికం చేసుకున్న దంపతులకు పిల్లలు లేకపోతే అది వారి పెళ్లి వల్ల వచ్చిన లోపం కాదు. భర్త తల్లిదండ్రులది మేనరికమా అన్నది అడగవలసిన ప్రశ్న.

దీనిని బట్టి ప్రతి సంతానలేమినీ మేనరికం ఖాతాలో వేయడం తగదు. వై క్రోమోజోములోని ఖాళీలకు రక్తసంబంధంతో పనిలేదు. అవి ఎక్కువగా ఆ తరంలోనే కొత్తగా ఏర్పడతాయి. క్లైన్‌ఫెల్టర్ కూడా అంతే. అన్నీ జన్యువులకే అంటగట్టడమూ సరికాదు. వృషణపు సిరలు ఉబ్బడం, యుక్తవయసులో గవదబిళ్లలు వృషణాలకు దిగడం, పొగతాగడం, కొలిమి వంటి వేడి దగ్గర దీర్ఘకాలం పనిచేయడం శుక్రోత్పత్తిని తగ్గిస్తాయి. ఉదయగిరి పరిసరాల భూగర్భజలాలలో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసినదే. అధిక ఫ్లోరైడ్ ఇచ్చిన ఎలుకలలో శుక్రకణాలు దెబ్బతిన్నట్లు ప్రయోగాలు చూపాయి. అది పరిసరాల ప్రభావమే తప్ప జన్యులోపం కాదు.

8. దారి మూసుకున్నప్పుడు, ఆజ్ఞ అందనప్పుడు:

వృషణం సక్రమంగా పనిచేస్తున్నా శుక్రవాహికలు పుట్టుకతోనే లేకపోతే కణాలు బయటికి రావు. సి.ఎఫ్.టి.ఆర్. జన్యువు లోపం దీనికి ప్రధాన కారణం. వీర్యం పరిమాణం బాగా తగ్గి ఉండడం ఆనవాలు. వృషణం నుంచి కణాలను తీసి సూదిపద్ధతిలో వాడవచ్చు. కాని భార్యకు కూడా అదే జన్యువులో లోపం ఉంటే బిడ్డకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చు. అందుచేత ముందుగా ఆమెకు కూడా పరీక్ష చేస్తారు.

కాల్‌మన్ లక్షణసముదాయం కథ వేరు. మెదడు నుంచి వృషణానికి వెళ్లవలసిన హార్మోను ఆజ్ఞ అందదు. వీరిలో చాలామందికి వాసన తెలియదు. మల్లెపూవు వాసనకూ, కాలుతున్న అన్నం వాసనకూ తేడా తెలియని యువకుడు, గడ్డం సరిగా మొలవనివాడు, సంతానం కోసం వస్తే ఈ దిశగా ఆలోచించాలి. జన్యుకారణాలన్నింటిలో మందులతో బాగయ్యేది ఇదే. నెలల తరబడి హార్మోను సూదిమందులు ఇస్తే శుక్రకణాలు తయారవుతాయి. నిర్ధారణ జరగక ఇటువంటి యువకుడు అపహాస్యానికి గురై ఊరు విడిచిపోవడం కన్నా విషాదం లేదు.

9. పరీక్షల క్రమం, నిర్ణయాలు:

శుక్రకణాలు లేనివారికి, లేదా అత్యల్పంగా ఉన్నవారికి రెండు జన్యుపరీక్షలు మొదట అవసరం. ఒకటి క్రోమోజోముల చిత్రణ, రెండోది వై క్రోమోజోములో ఖాళీల పరీక్ష. శస్త్రచికిత్సకు ముందే వీటిని చేయించడంలో ఆర్థికమైన అర్థం ఉంది. ఎ ప్రాంతం గాని, బి ప్రాంతం గాని పూర్తిగా ఊడిపోయి ఉంటే వృషణాన్ని కోసి వెదికినా కణాలు దొరకవు. సి ప్రాంతం మాత్రమే పోయినవారిలో దాదాపు సగం మందికి దొరుకుతాయి. ఎకరమో అరెకరమో అమ్మి పట్నం వెళ్లే కుటుంబానికి ఈ ఒక్క రక్తపరీక్ష ఆ పొలాన్ని మిగల్చవచ్చు.

1992లో బ్రస్సెల్స్‌లో ఫలించిన ఇక్సీ పద్ధతి ఒక్క శుక్రకణంతోనే బిడ్డను ఇవ్వగలదు. ప్రకృతి ఆపివేసిన లోపాన్ని అది తరువాతి తరానికి దాటించగలదు కూడా. సి ప్రాంతం లోపించిన తండ్రికి పుట్టే ప్రతి కొడుకుకూ అదే లోపం వస్తుంది. కూతురికి తండ్రి వై రాదు కాబట్టి ఈ చిక్కు లేదు. లింగ ఎంపిక మన దేశంలో చట్టం నిషేధించిన పని. కనుక ‘ఆడపిల్లనే ఇవ్వండి’ అని దంపతులు కోరుకునే మార్గం లేదు. కొడుకుకు కూడా ముప్పై ఏళ్లకు ఇదే పరీక్ష, ఇదే చికిత్స తప్పకపోవచ్చునని తెలిసి ముందుకు వెళ్లడం వారి హక్కు. దాత శుక్రకణాన్నో, దత్తతనో ఎంచుకోవడం కూడా వారి హక్కే. తెలియజేయకుండా చికిత్స చేయడం మాత్రం వైద్యధర్మం కాదు. ఈ సంభాషణ దంపతులకు అర్థమయ్యే తెలుగులో జరగాలి. ‘అజూస్పెర్మియా’ అని కాగితం మీద రాసి పంపేస్తే ఇంటికి చేరేసరికి అది ‘మగతనం లేదట’ అని మారుతుంది. ‘ద్రవంలో కణాలు లేవు, కారణం వెదకాలి’ అన్న చిన్న వాక్యం చాలు.

చివరగా దూరం సంగతి. వీర్యపరీక్షకు రెండు నుంచి ఏడు రోజుల నియమం పాటించాలి. నమూనాను గంటలోపు పరిశీలించాలి. ఒక నమూనాతో నిర్ణయానికి రాకుండా కొన్ని వారాల ఎడంతో రెండోసారి చూడాలి. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లకు కొంచెం అటూఇటూ. ఇంట్లో సేకరించి బస్సులో తీసుకువెళ్లిన నమూనాలో కణాలు కదలకుండా కనిపిస్తే అది మనిషి లోపమో, ప్రయాణపు లోపమో చెప్పలేం. కనుక పరీక్షాకేంద్రంలోనే ఇవ్వడం తప్పనిసరి. జన్యుపరీక్షకు ఈ ఇబ్బంది లేదు. డి.ఎన్.ఎ. గట్టిది. దగ్గరి ప్రయోగశాలలో తీసిన కొద్ది మిల్లీలీటర్ల రక్తం హైదరాబాదుకో చెన్నైకో చేరేసరికి రెండు రోజులు పట్టినా వై క్రోమోజోము పరీక్షకు పనికివస్తుంది. క్రోమోజోముల చిత్రణకు మాత్రం కణాలు బతికి ఉండాలి కాబట్టి ఆ నమూనాను వేరే గొట్టంలో, వేడి తగలకుండా, వీలైనంత త్వరగా పంపాలి. ఈ రెండు జన్యుపరీక్షలనూ సాధారణంగా మళ్లీ చేయించవలసిన పని ఉండదు.